వాగ్దాన వాక్యం చేతిలో ఉంది, మా ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. ఇప్పుడు దేవుణ్ణి నమ్మడం అంటే ఏంటి?

విజయవాడ సిస్టర్:

అందరికీ వందనాలు. ఎవరితో మాట్లాడాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను, మా సంఘంలో వాళ్లు చూస్తే గుర్తుపడతారేమో, పట్టినా పర్లేదు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అందరికీ ఇచ్చినట్టే మాకూ కొత్త సంవత్సరానికి ఒక బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డు ఇచ్చారు. మా ఇంటికి వచ్చింది యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద అంటించాం, మాది జిరాక్స్ షాపే కాబట్టి ఖర్చు కూడా లేదు. ఫిబ్రవరిలో మా ఆయనకి కాళ్ల వాపులు, ఆయాసం వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ తొమ్మిది దాటిందన్నారు. షుగర్ ఎప్పటి నుంచో ఉంది, కిడ్నీల దాకా వచ్చిందని మాకు తెలీదు. అప్పటి నుంచి వారానికి మూడు సార్లు డయాలసిస్. ఆయన్ని తీసుకెళ్లడం, కూర్చోబెట్టడం, తీసుకురావడం, మిగిలిన టైంలో షాపు. మా పెద్దమ్మాయి ఇంటర్.

మొదట్లో చాలామంది వచ్చారు, ప్రార్థన చేశారు, నిజంగా ధైర్యంగా అనిపించింది. తర్వాత మాటలు మారాయి. ఒక పెద్దాయన మా ఇంట్లోనే కూర్చుని "కుటుంబంలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండమ్మా" అన్నారు. ఇంకొకరు మా ఆయన చెయ్యి పట్టుకుని, విశ్వాసం ఉంటే ఈ మిషన్ ఎందుకు బ్రదర్, ఒక వారం మానేసి ఉపవాసంతో దేవుడి కోసం ఎదురుచూడండి, ఆయన చేసి చూపిస్తాడు అన్నారు. మా ఆయన ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించారు. మానేద్దామా అని నన్ను అడిగారు కూడా. నాకు ఒళ్లంతా వణుకు వచ్చింది.

నా పరిస్థితి ఏంటంటే, మోకాళ్లు వేస్తే ప్రార్థన రావట్లేదు, కోపం వస్తోంది. ఆ కార్డు చూస్తే ఇంకా కోపం వస్తోంది. మొన్న మా అమ్మాయి "నాన్న గురించి దేవుడు ఎందుకు వినట్లేదు" అంటే ఏం చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయాను. కోపం వస్తే విశ్వాసం పోయినట్టేనా? దయచేసి "అంతా మేలుకే సిస్టర్" అని మాత్రం రాయకండి. అది రోజుకి నాలుగు సార్లు వాట్సాప్‌లో వస్తోంది.

బైబిల్ క్లాసు బాబాయ్:

అమ్మా, ముందు ఆ కార్డు సంగతి చూద్దాం, నీ కోపం అక్కడే మొదలైంది కాబట్టి.

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, బబులోనుకి చెరగా వెళ్లిపోయిన వాళ్లకి రాశాడు. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు పట్టుకుపోయిన వాళ్లు వాళ్లు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, దేవాలయం ఎక్కడో దూరంగా ఉండిపోయింది. 11వ వచనానికి ముందున్న 10వ వచనం ఎవరూ కార్డు మీద వేయరు, ఎందుకంటే అందులో డెబ్బై సంవత్సరాలు అని ఉంటుంది. అంటే ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది బబులోనులోనే చనిపోతారు. అయినా ఆ మాట వాళ్లకే చెప్పాడు. ఈలోపు ఏం చేయమన్నాడో 5వ వచనం నుంచి చూడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, వాటి పళ్లు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. బబులోనులో ఉన్నంతకాలం కళ్లు మూసుకుని ఎదురుచూడమని ఎక్కడా లేదు.

దానికి ముందు అధ్యాయం ఇంకా బాగుంటుంది. హనన్యా అని ఒక ప్రవక్త దేవాలయంలో జనం అందరి ముందు నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారు, దేవుడే చెప్పాడు అన్నాడు. జనానికి ఏ మాట ఇష్టంగా ఉంటుందో నీకు తెలుసు. అప్పుడు యిర్మీయా ఏమన్నాడు? ఆమేన్, దేవుడు అలాగే చేస్తే బాగుండు అన్నాడు! ఆయనకీ అదే కావాలి. కానీ కావాలనుకున్నంత మాత్రాన దాన్ని దేవుడి మాట అని చెప్పకూడదు. చివరికి అబద్ధ ప్రవక్త అనిపించుకున్నది హనన్యాయే. మీ ఇంటికి వచ్చి మిషన్ మానేయమన్నాయన మాట ఏ ప్రవక్త మాటకి దగ్గరగా ఉందో నువ్వే చూసుకో.

ఇక నీ కోపం. ఈ వాగ్దానం రాసిన యిర్మీయాయే 15వ అధ్యాయం చివర్లో దేవుణ్ణి ముఖం మీదే అడిగాడు, నువ్వు నాకు ఎండమావివి అవుతావా అని. 20వ అధ్యాయంలో తను పుట్టిన రోజునే శపించుకున్నాడు. దేవుడు ఆయన్ని పనిలోంచి తీసేయలేదు, పుస్తకంలోంచి ఆ మాటలూ కొట్టేయలేదు. కోపంగా అయినా ఆయనతోనే మాట్లాడుతున్నావు కదా. ఆయన లేడనుకుంటే ఎవరి మీద కోపం వస్తుంది?

జయశాలి 777:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. సాతాను మీ మనసులో సందేహం వేస్తున్నాడు, చోటివ్వకండి. ప్రతిరోజూ స్వస్థత వాక్యాలు పెద్దగా ఒప్పుకోలుగా పలకండి. మా బంధువుల్లో ఒకరికి డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థనతో బాగయ్యారు, ఇప్పుడు సాక్ష్యం చెబుతున్నారు. నోటితో నెగెటివ్ మాటలు అనవద్దు, స్తుతించండి. అన్నీ మేలుకే జరుగుతాయి.

సండేస్కూల్ టీచర్, ఏలూరు:

777 బ్రదర్, ఆమె ఏది రాయొద్దని అడిగారో చివర్లో అదే రాశారు.

మీ బంధువు బాగవడం నిజంగా సంతోషం, నేనూ ఆమేన్ అంటాను. స్వస్థత లేదని ఎవరూ అనట్లేదు. అడగాలి, గట్టిగానే అడగాలి. కానీ బాగుపడని వాళ్ల సంగతి కూడా అదే బైబిల్లో ఉంది కదా. పౌలు ఎంతమందికి స్వస్థత చేశాడు? అయినా తనతో తిరిగిన త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతులో విడిచి రావాల్సి వచ్చిందని తిమోతికి రాశాడు. ఆ తిమోతికే తరచుగా వచ్చే అనారోగ్యాలు ఉంటే, కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అన్నాడు, ఆ రోజుల్లో అదే మందు. పౌలుకే శరీరంలో ముల్లు ఉంది, మూడుసార్లు వేడుకున్నా తీయలేదు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువ అంటారు? రాజు నిలబెట్టిన ప్రతిమకి మొక్కమన్న షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా అగ్నిగుండం ముందు నిలబడి మా దేవుడు రక్షించగలడు అన్నాక ఆగిపోలేదు, ఒకవేళ రక్షించకపోయినా అని ఇంకో మాట అన్నారు. మనం సాక్ష్యాల్లో ఆ రెండో మాట మింగేస్తున్నాం.

పాపం వెతుక్కోమన్న పెద్దాయన గురించి అక్కా, అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబుని చూడ్డానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అంతవరకు మంచివాళ్లే. నోరు విప్పాకే పాడుచేశారు. చివరి అధ్యాయంలో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ల మీద. దేవుణ్ణి అన్ని మాటలన్న యోబు సరిగ్గా మాట్లాడాడట, దేవుడి తరఫున అంత అందంగా వాదించిన వాళ్లు సరిగ్గా మాట్లాడలేదట. యోహాను 9లో శిష్యులు కూడా పుట్టు గుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అనే అడిగారు. యేసు రెండూ కాదన్నాడు. ఇంత స్పష్టంగా ఉన్నా ఇంటింటికీ తిరిగి అదే ప్రశ్న అడుగుతుంటే ఏమనాలి.

మీ అమ్మాయికి జవాబు: "నాకూ తెలీదమ్మా" అని చెప్పండి. ఇంటర్ పిల్ల, మనం కప్పిపెట్టి చెబితే పట్టేస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి 88వ కీర్తన చదవండి. మిగతా ఏడుపు కీర్తనల్లో చాలావరకు చివరికి ఎక్కడో స్తుతి వైపు తిరుగుతాయి, ఇది మాత్రం తిరగదు, చీకటి అనే మాట దగ్గరే అయిపోతుంది. ఎజ్రాహీయుడైన హేమాను రాసింది, కోరహు కుమారులు పాడుకునే కీర్తన అని పైన ఉంటుంది. అంటే ఎవరో రహస్యంగా డైరీలో రాసుకున్నది కాదు, ఆరాధనలో అందరూ కలిసి పాడింది. మా సండేస్కూల్లో పెద్ద పిల్లలకి ఇది చదివించినప్పుడు ఒక పిల్లాడు "ఇలా కూడా అనొచ్చా టీచర్" అన్నాడు. అనొచ్చు. "ఎందుకు వినట్లేదు" అన్న మీ అమ్మాయి ప్రశ్నే ఒక ప్రార్థన, దాన్ని సరిదిద్దకండి.

ఇప్పుడు చర్చికి వెళ్లని వాడు:

నేను సలహా చెప్పేవాణ్ణి కాదు, సంఘం వదిలేసి చాలా కాలమైంది. మా అమ్మ క్యాన్సర్‌తో పోయినప్పుడు సమాధి దగ్గరే ఒకాయన "ఇంకొంచెం విశ్వాసం ఉంచి ఉంటే" అన్నాడు. చివరి రోజు వరకు ప్రార్థన మానని మనిషి గురించి. ఆ మాటతో నేను బయటికొచ్చేశాను. మీ ఇంట్లో అలాంటి వాళ్లని మీ ఆయన మంచం దాకా రానివ్వకండి మేడం. గుమ్మం దగ్గరే కాఫీ ఇచ్చి పంపండి. మిగతాది మీకూ మీ దేవుడికీ మధ్య.

డయాలసిస్ టెక్నీషియన్, విశాఖ:

వందనాలక్కా. నేనూ విశ్వాసినే, పని డయాలసిస్ యూనిట్‌లో. వాక్యం పైవాళ్లు చెప్పారు, నేను నాకు తెలిసింది చెప్తాను.

ఒక్క సిట్టింగ్ కూడా మానకండి. కిడ్నీ పని ఆగిపోయిన మనిషికి వారం గ్యాప్ అంటే ప్రాణం మీదకి వస్తుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు, ముందు ఏ సూచనా లేకుండా కూడా. షుగర్ మందులో ఇన్సులినో వాడుతూ ఉపవాసం ఉంటే అది ఇంకో ప్రమాదం, డాక్టరుని అడక్కుండా వద్దు. ఉపవాసం చేయాలని ఉన్నవాళ్లు ఆయన తరఫున వాళ్లు చేయొచ్చు కదా, ఎవరు వద్దన్నారు?

చూడ్డానికి వచ్చేవాళ్లకి ముందే ఫోన్లో చెప్పేయండి, కొబ్బరిబోండాలు, అరటిపళ్లు, బత్తాయిలు తేవద్దని. మనవాళ్లు ప్రేమగా అవే తెస్తారు, కిడ్నీ పేషెంటుకి ఆ పొటాషియమే విషం. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో ఉడికించి వార్చండి. పచ్చళ్లు, అప్పడాలు తగ్గించండి, ఉప్పు తింటే దాహం, దాహం వేస్తే నీళ్లు, నీళ్లు తాగితే బరువు, తర్వాత మిషన్ మీద బీపీ పడిపోయి నానా అవస్థ. దాహం మరీ ఎక్కువైతే చిన్న ఐస్ ముక్క నోట్లో పెట్టుకోమనండి, దాన్ని కూడా నీళ్ల లెక్కలోనే వేయాలి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో ఫిస్టులా వేసిన చెయ్యి మీద బీపీ చూడనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవద్దు. ఇంకో మాట, నూనె రాసి ప్రార్థన చేసేవాళ్లు నుదుటికి రాయాలి. సూది గుచ్చిన చోట నూనె రుద్దితే ఇన్ఫెక్షన్ వస్తుంది, నేను చూశాను. యాకోబు పత్రికలో నూనె రాయమనే ఉంది, ఫిస్టులా మీద రాయమని లేదు.

డబ్బు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే పాత ఆరోగ్యశ్రీలో, డయాలసిస్ వస్తుంది. పింఛను గురించి మీ వార్డు సచివాలయంలో అడగండి, కాగితాలు ఏమేం కావాలో వాళ్లే చెప్తారు. ట్రాన్స్‌ప్లాంట్ గురించి డాక్టరుతో మాట్లాడారా? కన్నవాళ్లు, తోబుట్టువులు, పిల్లలు, భార్య ఇవ్వొచ్చు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి తీసుకునే దానికి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు ఆస్పత్రి ద్వారానే నమోదు చేయిస్తారు. వంతు రావడానికి టైం పడుతుంది, అందుకే ఆలస్యం చేయకుండా అడగండి.

మీరు వేళకి తింటున్నారా? మా యూనిట్‌లో బయట బెంచీ మీద కూర్చునే భార్యలే ముందు నీరసపడతారు.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:

పిల్లలందరూ బాగా రాశారు. మా ఊరి విషయం ఒకటి చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, పెద్దవాణ్ణి కదా ఓర్చుకోండి.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్లతో కొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని అడిగారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఎంత దెబ్బతిని ఉందంటే దాన్ని మూసేద్దామా అని అంతకు ముందే అమెరికాలో చర్చ జరిగింది. వాళ్లు అడిగిన ఆ మిషనరీ, జాన్ క్లౌ, ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. కొత్త సంవత్సరం రోజు అడిగింది అదే సంవత్సరం రాలేదు, మన కార్డులు మాత్రం డిసెంబర్‌తో ఎక్స్‌పైర్ అయిపోతాయి.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం ఎముకల గూళ్లయిపోయారు, ప్రార్థన చేసేవాళ్లూ చేయనివాళ్లూ ఇద్దరూ చచ్చిపోయారు, ఇది దాచకూడదు. క్లౌ ఏం చేశాడు? ఆయనకి సర్వే పని తెలుసు. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నారు, అందులో సుమారు మూడు మైళ్ల ముక్క కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి మట్టిపని ఇచ్చి కూలి ఇప్పించాడు. యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు అప్పటికే ఊరూరా తిరిగి సువార్త చెప్పేవాళ్లు, కాలువ గట్టు మీద కూడా బోధకులు జనం మధ్యే ఉన్నారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే, కరువు పని నడిచినంత కాలం క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం నమ్మామన్న మాట రాకూడదని. పని అయిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అంకె అందరూ చెబుతారు, నాకు అంకె కన్నా ముందు జరిగింది ముఖ్యం. అన్నం పెట్టడానికి విశ్వాసాన్ని ధరగా అడగలేదు. నీ ఇంటికి వచ్చేవాళ్లు ఇప్పుడు అడుగుతున్నది అదేనమ్మా, ఇంత విశ్వాసం చూపిస్తే ఇంత స్వస్థత అని. అది మన తాతముత్తాతలకి అందిన సువార్త కాదు. ఆ రోజుల్లో దేవుడి సహాయం ఆకాశం నుంచి మన్నాగా రాలేదు, పారా, తట్ట, సాయంత్రం కూలి డబ్బులుగా వచ్చింది. ఆ గట్టు మీద పనిచేసినవాళ్లు దాన్ని దేవుడి సహాయం కాదనుకోలేదు. నువ్వు తీసుకెళ్లే ఆ మిషన్‌ని కూడా అలాగే చూడు.

మీ సంఘంలో స్త్రీల సమాజం ఉందా? వాళ్లకి ప్రార్థన అంశం ఇవ్వడంతో సరిపెట్టకు. మంగళవారం షాపులో ఎవరు కూర్చుంటారు, శనివారం ఆయన్ని ఎవరు తీసుకెళ్తారు అని పేర్లు రాయించు. అడగడానికి మొహమాటపడకు.

జయశాలి 777:

సిస్టర్, మీరు అడిగింది నేను సరిగ్గా చదవలేదు, బాధపెట్టాలని కాదు. మిషన్ మానేయమని నేను అనను. ప్రార్థన అయితే చేస్తాను.

విజయవాడ సిస్టర్:

అందరికీ థాంక్స్. 777 బ్రదర్, పర్లేదండి, చేయండి.

బాబాయ్ గారూ, ఎండమావి మాట మా ఆయనకి డయాలసిస్ దగ్గరే చదివి వినిపించాను. "బైబిల్లో నిజంగా ఉందా" అని రెండుసార్లు అడిగారు, తర్వాత ఫోన్ లాక్కుని తనే చదువుకున్నారు. మిషన్ మానేసే మాట ఇక ఎత్తనన్నారు. మా అమ్మాయికి 88వ కీర్తన చదివించాను, అది ఏమీ అనలేదు గానీ రాత్రి దానంతట అదే మళ్లీ తీసి చదివింది. నాకు ప్రార్థన ఇంకా సరిగ్గా రావట్లేదు. వచ్చిన రెండు ముక్కలూ కోపంగానే చెప్తున్నాను.

మాస్టారు గారు చెప్పినట్టు స్త్రీల సమాజంలో అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకామె అయితే షాపులో కూర్చోవడానికి జిరాక్స్ మిషన్ నేర్పించమంటోంది. పాపం సంగతి అడిగిన పెద్దాయన మళ్లీ వస్తానన్నారు. డయాలసిస్ సెంటర్‌కి రండి బ్రదర్, నాలుగు గంటలు ఖాళీగానే ఉంటారు, కూర్చుని కబుర్లు చెప్పండి అన్నాను. ఇంకా రాలేదు.

విశాఖ తమ్ముడూ, నీకు ఒకటి అడగాలి. మా మరిది ఇస్తానంటున్నాడు, కానీ బ్లడ్ గ్రూప్ వేరే. మా అత్తయ్యకి సరిపోతుంది గానీ ఆవిడకి బీపీ ఉంది. ఇక దారి లేనట్టేనా?

డయాలసిస్ టెక్నీషియన్, విశాఖ:

లేకపోవడం ఏంటక్కా. గ్రూప్ కలవని రెండు కుటుంబాలు ఒకరి దాత ఇంకొకరికి ఇచ్చుకునే పద్ధతి ఉంది, స్వాప్ అంటారు, చట్టం ఒప్పుకుంటుంది. గ్రూప్ కలవకపోయినా చేసే ఆపరేషన్లు కూడా ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. అత్తయ్య గారి విషయంలో వయసు, బీపీ ఎంత, ఎన్ని మందులతో కంట్రోల్ అవుతోంది అన్నీ చూసి డాక్టరే తేల్చాలి, మనం ఇంట్లో కూర్చుని వద్దనుకోవద్దు. మీరు ఎవరి బ్లడ్ గ్రూపులూ ఇక్కడ పెట్టకండి. నాకు మెసేజ్ చేయండి, నెఫ్రాలజీ డాక్టరుని ఏమేం అడగాలో రాసి పంపిస్తాను. మరిది గారిని కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఇస్తానన్నవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకండి.